పదమూడో మలుపులో నాలుగు నిమిషాలు

212వ రోజు

ఓడ వచ్చింది. అరవై లారీలు అడిగితే ద్వీపాలవాళ్ళు నలభై పంపారు. టైర్లు సరిపడా ఉన్నాయి. బ్యాటరీ పెట్టెలు తక్కువ. సూచనల పుస్తకం ఈసారి కూడా వాళ్ళ భాషలోనే ఉంది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి కాబట్టి దాన్ని తెలుగులో రాసిపెట్టడం నా పని. జోలపాలెం షెడ్డులో రిజిస్టరు, వైర్‌లెస్ సెట్టు కూడా నావే.

ఇక్కడ రోజుల్ని మొదటి ఓడ వచ్చిన నాటినుంచి లెక్కపెడతాం. అంతకుముందు యుద్ధం లేదని కాదు. అంతకుముందు సైన్యం నడిచేది. ఇక్కడినుంచి ఘాటు మీదుగా లింగాలమెట్టకి పదకొండు రోజులు. మోసుకెళ్ళిన బియ్యంలో సగం మోసేవాళ్ళకే అయిపోయేది. ఎగువవాళ్ళు ఆనకట్ట తలుపులు దించేస్తే మేం కిందనుంచి చూస్తూ కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఒక్క వరసలో ఏడువందల యాభైమంది ఆరున్నర గంటల లోపల మెట్ట మీద ఉంటారు. లారీ వెళ్ళగలిగినంత దూరం సైన్యం వెళ్ళింది. లారీ ఆగినచోట ఆగింది.

17వ లారీ వరస ఉదయం అయిదుకి బయలుదేరింది. 7:10కి పదమూడో మలుపు. అక్కడ నాలుగు నిమిషాలు ఆగింది. 11:20కి మెట్ట. ఆగిన కారణం అనే గడిలో ఎప్పటిలాగే 'బ్యాటరీ చల్లబడటానికి' అని రాశాను.

214వ రోజు

కొత్తగా వచ్చినవాళ్ళకి లారీల సంగతి చెప్పాను. ప్రతిసారీ ఒకే పాఠం.

వరసకి ముప్పై లారీలు. ముందు లారీని ఒక మనిషి నలభై రోజులు నడుపుతాడు. దీన్ని నేర్పు అంటాం. ఆ నలభై రోజుల్లో మనిషి ఏం చేస్తే లారీ అది నేర్చుకుంటుంది. ఆ తర్వాత మనిషి దిగిపోవచ్చు. ముందు లారీ తనంతట తను వెళ్తుంది, వెనక ఇరవైతొమ్మిది దాన్ని అనుకరిస్తాయి. దారిలో ముందు లారీ స్టీరింగు ఎవరైనా ముట్టుకుంటే వెనకవన్నీ నిలిచిపోతాయి. నేర్పులో కొంచెం దిద్దడం కుదరదు. ఉంచాలి, లేదా మొత్తం తుడిచేసి మళ్ళీ నలభై రోజులు నేర్పాలి.

మాకు మూడు ముందు లారీలున్నాయి. 4, 9, 17. మొదటి రెంటికీ మైదానం డ్రైవర్లు నేర్పారు. అవి ఘాటెక్కడానికి తొమ్మిది గంటలు తీసుకుంటాయి. పదకొండున్నరకి మంచు విడిపోతుంది. మంచు విడిస్తే ఎగువవాళ్ళ డ్రోన్లు, మేం డేగలంటాం, పైనుంచి చూస్తాయి. అందుకని ఘాటు మీద తిరిగేది 17 ఒక్కటే. దానికి నేర్పింది నూకరత్నం. నా భార్య. నూట నలభై ఒకటో రోజున రేవు మీద బాంబులు పడినప్పుడు చనిపోయింది. లారీ ఆ రోజు షెడ్డులో ఉంది.

షెడ్డు హెడ్ మెకానిక్ సన్యాసినాయుడు దాన్ని మీ ఆవిడ బండి అంటాడు. మొదట్లో ఆ మాట అన్నాక నా మొహం చూసేవాడు. ఇప్పుడు చూడడు.

ఈరోజు నాలుగో మలుపు దగ్గర టైరు మార్చి వచ్చాడు. అక్కడ పూర్వం రోడ్డు మధ్య ఒక ముసలి కుక్క పడుకునేది. నూకరత్నం దాని చుట్టూ తిప్పి పోనిచ్చేది. కుక్క చచ్చి నాలుగు నెలలైంది. ముప్పై లారీలు వరసగా ఆ ఖాళీ చోటును తప్పించుకుని వెళ్ళడం దగ్గరుండి చూశాడట.

"బండికి కుక్క కనబడతంది మేష్టారూ. మనకే కనబడ్డం లేదు," అన్నాడు.

నేను సూచనల పుస్తకంలో ఇంకో పేజీ పూర్తి చేశాను.

218వ రోజు

ఇది రిజిస్టరులో లేదు.

పదమూడో మలుపు దాటితే కొండ అడ్డం వస్తుంది, వైర్‌లెస్ అందదు. నేర్పు రోజుల్లో అక్కడ ఆపి ఒక మాట చెప్పి వెళ్ళమని నేనే అడిగాను. నేర్పులో దారిలో ఆగకూడదని పుస్తకంలో ఉంది. దాన్ని తెలుగు చేసింది కూడా నేనే. ఒక్క నిమిషమే కదా అనుకున్నాం.

తను మా కాలేజీ బస్సు నడిపేది. పదకొండేళ్ళు అదే బస్సులో నా సీటు డ్రైవరు వెనక. పెళ్ళయ్యాక కూడా నన్ను మేష్టారనే పిలిచేది, ఎక్కువగా వెక్కిరించడానికి.

మలుపు దగ్గర రోజూ ఒకే మాట. "పదమూడు కాడున్నాను. తిన్నారేటి?" నేను, "తిన్నాను. నువ్వు వెళ్ళు." దిగేటప్పుడూ అక్కడే, అదే మాట.

ఈ లారీల్లో మాట్లాడే మీట స్టీరింగు మీదే ఉంటుంది. లారీ దృష్టిలో అది కూడా బండి నడపడంలో భాగం. కాబట్టి ఇప్పటికీ 7:10కి లారీ మలుపులో ఆగి మీట నొక్కుతుంది. ఇరవై సెకన్లు లైను తెరుచుకుంటుంది. ఖాళీ క్యాబిన్ వినిపిస్తుంది. మోటారు సన్నటి చప్పుడు, అద్దానికి తగిలే గాలి. తర్వాత లైను మూసుకుంటుంది. సెట్టు పక్కన దారి చూపించే పలక మీద 17 అనే చుక్క నాలుగు నిమిషాలు అక్కడే నిలబడుతుంది. తర్వాత కదులుతుంది.

ఆ వేళకి షెడ్డులో అందరూ టిఫినుకి వెళ్తారు. నేను వెళ్ళను.

223వ రోజు

సన్యాసినాయుడి కూతురు ఈశ్వరి మెట్ట మీద నర్సు. వరసతో ఉత్తరం పంపింది. పైన తిండికి లోటు లేదని, చలి ఎక్కువని, ఎగువవాళ్ళ పిరంగులు దగ్గరికొచ్చాయని రాసింది. తండ్రికి చదువు రాదు, నేను చదివి వినిపించాను. పిరంగుల సంగతి దగ్గర గొంతు తగ్గించి కొంత దాటేశాను. అతను పట్టేశాడు. కాలేజీలో కూడా పిల్లలకి ఇలాగే సగం పాఠం చెప్పేవారా అని అడిగాడు.

మొత్తం చదివాను.

ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు. తర్వాత 17 కింద దూరి రెండు గంటలు పని చేశాడు. ఆ బండికి ఏ పనీ లేదు.

226వ రోజు

7:12కి పదమూడో మలుపు మీద బాంబులు పడ్డాయి. మంచు దట్టంగానే ఉంది. డేగలకి ఏమీ కనిపించలేదు. కనిపించనవసరం లేదు. రోజు విడిచి రోజు, ఒకే చోటు, ఒకే సమయం. లెక్క వాళ్ళకి తెలిసిపోయింది.

మూడో లారీ, నాలుగో లారీ పోయాయి. మనుషులు దూకి రాళ్ళ చాటుకి వెళ్ళగలిగారు. తొమ్మిదిమంది వెళ్ళలేకపోయారు.

17కి గీత పడలేదు. నాలుగు నిమిషాలు పూర్తయ్యాక బయలుదేరింది.

లైను తెరిచిన ఇరవై సెకన్లలో ఈరోజు కూడా గాలి చప్పుడే. బాంబులు ఆ తర్వాత పడ్డాయి. చుక్క నిలబడి ఉండటం చూస్తూ కూర్చున్నాను. సంగతి తెలిసేసరికి ఎనిమిదయింది.

228వ రోజు

మేజర్ తారాబాయి షెడ్డుకి వచ్చారు. రిజిస్టరు తిరగేశారు. బ్యాటరీ ఇంకో మలుపులో చల్లబరచడం కుదురుతుందా అని అడిగారు. నేర్పు మొత్తం తుడిచేయాలని చెప్పాను. ఆమె తల ఊపారు. ద్వీపాలవాళ్ళకి కొండలు తెలియవని, లారీలు బల్లపరుపు నేల కోసం చేసి మనకి తోసేశారని అన్నారు. నేను అవునన్నాను.

నిన్న వరస దిగి వచ్చాక ఘాటు మీద ప్రయాణాలు ఆపారు. 7:10కి సెట్టు దగ్గర కూర్చున్నాను. ఏమీ తెరుచుకోలేదు.

241వ రోజు

ఓడ రాదు. ద్వీపాలవాళ్ళు ఎగువవాళ్ళతో సంధి మాట్లాడుకుంటున్నారట. ఇక లారీలు లేవు, టైర్లు లేవు, బ్యాటరీలు లేవు. ఉన్న ఒక్క కబురూ క్షమాపణతో మొదలైంది. దాన్నీ నేనే తెలుగు చేశాను.

మెట్ట మీద నాలుగువేల మూడువందలమంది ఉన్నారు. లారీలుంటాయన్న ధైర్యంతో అంతదూరం పంపినవాళ్ళు. నడిచి దిగాలంటే పదకొండు రోజులు. దారికి రెండు వైపులా ఎగువవాళ్ళున్నారు.

సన్యాసినాయుడు ఈరోజు ఎవరినీ తిట్టలేదు. షెడ్డు వింతగా అనిపించింది.

242వ రోజు

మేజర్ నన్ను పిలిచి లెక్క చూపించారు. మంచు ఇంకా రెండు వారాలుంటుంది. 17 వరసతో ఒకరోజు ఎక్కడం, మర్నాడు దిగడం. ఆరు దింపుళ్ళు. సమయాలు నన్ను సరిచూడమన్నారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. చివరి వరసలో ఒక అంకె అర్థం కాలేదు. అడిగాను.

"ప్రతి దింపుడులో ఆ మలుపు దగ్గర రెండు లారీలు పోతాయని వేసుకున్నాను మాస్టారూ. యాభైమంది. మొత్తం మీద మూడువందలు. పైన వదిలేస్తే అందరూ పోతారు."

రైళ్ళ వేళలు చెప్పినట్టే చెప్పారు. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది.

"నాలుగు నిమిషాలు అక్కర్లేదు," అన్నాను.

తర్వాత చెప్పాల్సింది చెప్పాను. అది బ్యాటరీ కోసం కాదని. లారీ జవాబు కోసం ఆగుతుందని. నేర్పు రోజుల్లో నేను జవాబివ్వగానే నూకరత్నం బయలుదేరేది. ఒక్కరోజు నేను టీకి వెళ్ళాను. తను నాలుగు నిమిషాలు చూసి వెళ్ళిపోయింది. లారీ రెండూ నేర్చుకుంది. జవాబు వస్తే వెళ్ళాలి. రాకపోతే నాలుగు నిమిషాలు చూడాలి.

"ఎప్పటినుంచి తెలుసు?"

"నూట తొంభయ్యో రోజు నుంచి."

ఆ రోజు సెట్టు తుడుస్తూ పొరపాటున మీట నొక్కి దగ్గాను. చుక్క వెంటనే కదిలింది. రిజిస్టరులో 'బ్యాటరీ త్వరగా చల్లబడింది' అని రాశాను. ఆ తర్వాత ఏనాడూ ఆ వేళప్పుడు మీట జోలికి పోలేదు. తను అక్కడ నాలుగు నిమిషాలు ఉంటోంది. ఎందుకు పంపించాలి?

ఆ చివరి మాట మేజర్‌తో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఆమె రిజిస్టరు తెరిచి 226వ రోజు పేజీ తీశారు.

"ఆ తొమ్మిదిమంది పేర్లు తెలుసా మీకు?"

చెప్పడం మొదలుపెట్టాను. అయిదో పేరు దగ్గర ఆమె చేత్తో ఆపమన్నారు. నేను ఆపలేదు. తొమ్మిదీ చెప్పాను.

"దింపుళ్ళు అయ్యేదాకా సెట్టు దగ్గర్నుంచి లేవకండి. మిగతాది తర్వాత," అన్నారు.

243వ రోజు

సన్యాసినాయుడికి నేనే చెప్పాను. ఇంకొకరి నోట వినకూడదనిపించింది. పానా చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నాడు. పానా బల్లమీద పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ.

"మాటాడండి. మా ఈశ్వరి దిగీదాకా ఆ బండితో మాటాడండి. ఆ తరవాత నాతో మాటాడక్కర్లేదు."

అంతవరకు అతను మేష్టారూ అనకుండా నాతో ఒక్క మాట కూడా అనలేదని అప్పుడే తెలిసింది.

244వ రోజు

ఖాళీ వరస ఎక్కింది. 7:10కి లైను తెరుచుకుంది. మోటారు, గాలి. మూసుకుంది.

ఏం చెప్పాలో ముందు అనుకోలేదు. మీట నొక్కాను. "తిన్నాను. నువ్వు వెళ్ళు," అన్నాను. నూకరత్నం పోయాక ఆ మాట అనడం అదే మొదలు.

చుక్క కదిలింది. అయిదు సెకన్లు.

సన్యాసినాయుడు గుమ్మంలో నిలబడి చూశాడు. వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు ఏమీ తినలేదు.

245వ రోజు

మొదటి దింపుడు. 9:10కి మలుపు. జవాబిచ్చాను. ఆరు సెకన్లు. చివరి లారీ దాటిన నిమిషానికి ఖాళీ రోడ్డు మీద బాంబులు పడ్డాయి. ఏడువందల ఇరవైమంది దిగారు. చాలామందికి మలుపు దగ్గర ఆగిన సంగతే తెలియదు.

రోడ్డు ఒక పక్క కుంగింది. పోవడానికి చోటుంది.

249వ రోజు

మూడో దింపుడు. గాయపడినవాళ్ళు ఎక్కువ. ఈశ్వరి రాలేదు. కదలలేనివాళ్ళు చివరి వరసలో దిగుతారట, నర్సులూ వాళ్ళతోనే. సన్యాసినాయుడు ముప్పై లారీల వెనక తలుపులూ తనే తెరిచాడు. ముప్పయ్యో దాని దగ్గర కాసేపు నిలబడ్డాడు.

లారీకి నా మాట ముందే తెలిసినట్టుంది. మీట వదలకముందే కదులుతోంది.

253వ రోజు

అయిదో దింపుడు. పైన పిరంగులు మెట్ట అంచుకి చేరాయి. మేజర్ ఆఖరి వరసతో వస్తానని పైనే ఉండిపోయారు. ఒక లారీకి బ్యాటరీ చచ్చిపోయింది. మార్చడానికి ఇంకొకటి లేదు. దాన్ని లోయలోకి తోసేసి, అందులోవాళ్ళని మిగతావాటిలో సర్దారు.

255వ రోజు

ఆఖరి దింపుడు. పట్టకపోతే ముందు లారీ క్యాబిన్‌లో కూడా ఎక్కించారు. స్టీరింగు ముట్టుకోవద్దని చెప్పి.

9:10. లైను తెరుచుకుంది. నాకు తెలిసిన చప్పుళ్ళు లేవు. మనుషుల ఊపిరి. ఎవరో మూలుగు. ఎవరో చిన్నగా కసురుకోవడం. అప్పుడొక ఆడగొంతు, మీట వెలగడం చూసిందేమో, మైకుకి చాలా దగ్గరగా:

"పదమూడు కాడున్నాం. నాన్నా, ఇంటున్నావేటి?"

ఈశ్వరికి ఆ మాటలు ఎవరూ నేర్పలేదు. తనూ నూకరత్నం ఊరి పిల్లే. అక్కడ ఎవరైనా అలాగే అంటారు.

లైను మూసుకుంది. మీట మీద నా వేలుంది. నొక్కలేకపోయాను. చుక్క నిలబడి ఉంది. ఎన్ని సెకన్లో తర్వాత పలక చూసి రాశాను, పదకొండు. ఆ పదకొండు సెకన్లలో నేను వింటున్నది నూకరత్నాన్నా, ఈశ్వరినా అన్నది నాకు తెలియలేదు.

నా వెనక నిలబడి ఉన్న సన్యాసినాయుడు నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"ఎల్లమ్మా. ఎల్లు."

చుక్క వెంటనే కదిలింది.

నేను దాన్నే చూస్తూ ఉన్నాను. అతని గొంతుకి కూడా కదిలింది. ఎవరి గొంతుకైనా కదులుతుంది. ఏ రోజైనా, షెడ్డులో ఎవరైనా, ఒక్క మాట అంటే చాలు. అది నాకోసం ఆగలేదు.

బాంబులు వరస వెనక పడ్డాయి. చివరి లారీ అద్దాలు పగిలాయి. 11:15కి అందరూ షెడ్డు ముందు దిగారు. ఈశ్వరి ఒక మనిషిని భుజం మీద ఆనించుకుని దిగింది. తండ్రి రెండో భుజం పట్టుకున్నాడు. ముగ్గురూ అలాగే లోపలికి నడిచారు.

257వ రోజు

ఘాటు వదిలేశాం. సైన్యం మైదానానికి వచ్చేసింది. లారీలు ఎన్ని మిగిలితే అంత సైన్యం. ఇప్పుడు అవి రేవు చుట్టూ బల్లపరుపు నేల మీద తిరగాలి. ముందు లారీలు మూడింటికీ నేర్పు తుడిచేయమని ఆజ్ఞ.

తుడిచే పని మెకానిక్‌ది. నేను పక్కనుండి రిజిస్టరులో రాయాలి. 4 అయింది. 9 అయింది. 17 దగ్గర సన్యాసినాయుడు క్యాబిన్ తలుపు తెరిచి, లోపలికి ఎక్కకుండా పక్కకి తప్పుకున్నాడు.

ఎక్కాను. సీటు తను జరుపుకున్న చోటే ఉంది. నా మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. తుడిచే మీట ఎర్రగా ఉంటుంది, మూత తీసి నొక్కాలి. నొక్కాను. చిన్న లైటు ఆరింది.

దిగాక తేదీ, సమయం రాశాను.

260వ రోజు

విచారణ రేవులో. మేజర్ కాగితం రాసిచ్చారు. అందులో రెండు పేరాలున్నాయి. ఒకటి తొమ్మిదిమంది గురించి. ఒకటి ఆరు దింపుళ్ళ గురించి. ఏది ముందుండాలో ఆలోచించి రాసినట్టుంది. తొమ్మిదిమంది ముందున్నారు.

రేవుకి వెళ్ళే లారీ 17 ఒక్కటే. దానికి కొత్తగా నేర్పు మొదలైంది, ఈరోజు మొదటిరోజు. డ్రైవరు పైడితల్లి, పెళ్ళి బృందాల వ్యాను నడిపిన మనిషి. సీటు తన కొలతకి జరుపుకుంది. వెనక నీళ్ళ డ్రమ్ములు, పక్క సీట్లో నేను.

బయలుదేరే ముందు నన్ను ఎందుకు పంపుతున్నారని అడిగింది. చెబుదామని నోరు తెరిచాను. ఆమె వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ఉండండి, నేర్పు మీట ఆన్ సేసేసినాను. బండి నేర్సుకుంటంది. మీరేటైనా అంటే అదీ నేర్సీసుకుంటాది."

మోటారు మీట తిప్పబోతూ, నలభై రోజులు దారిలో ఎక్కడా ఆపకూడదని కొత్త రూలు పెట్టారని, ఎవరో ఆపి కొంప ముంచారని చెప్పింది. ఎవరో ఆమెకి తెలియదు.

అరవై కిలోమీటర్లు. ఆమె రోడ్డు చూసింది, నేను ఆమె చేతులు చూశాను. ఎడం వైపు తిరిగేటప్పుడు రెండు చేతులూ, కుడి వైపుకి ఒకటే. రేవు దాకా ఆమె ఎక్కడా ఆపలేదు. నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు.